ఆ పాత పెట్టెను తుక్కుకి వేయకండి

1982లో వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ సినిమాకు వాంజెలిస్ చేసిన సంగీతం వినండి. సింథసైజర్ స్వరం ఆగిపోయాక కూడా దాని నాదం ఎంతో దూరం సాగుతూ పోతుంది. ఆ విశాలత ఏ చర్చిలోదీ కాదు, ఏ మండపంలోదీ కాదు. లెక్సికన్ 224 అనే యంత్రం లెక్కలు కట్టి పుట్టించినది. పాటలు మిక్స్ చేయడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ని. ఇలాంటి యంత్రాలను వాద్యాలుగానే లెక్కించాలని గట్టిగా నమ్ముతాను.

అంతకుముందు ఇలా సాగే నాదం, అంటే రివర్బ్ కావాలంటే హాలీవుడ్‌లోని కాపిటల్ స్టూడియోలా నేల కింద గదులు కట్టుకోవాలి. లేదంటే జర్మనీ కంపెనీ ఇ.ఎం.టి. 1957లో తెచ్చిన ప్లేటు కొనాలి. చట్రానికి వేలాడదీసిన ఉక్కు రేకు అది, మొత్తం బరువు సుమారు 270 కిలోలు. 1976లో అదే కంపెనీ బ్యారీ బ్లెసర్ చేత ఇ.ఎం.టి. 250 చేయించింది. చూడ్డానికి రూమ్ హీటర్‌లా ఉంటుంది, పైన మీటలు. డిజిటల్ రివర్బ్ స్టూడియోల్లో అడుగుపెట్టింది దానితోనే.

రెండేళ్లకు భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ గ్రీసింగర్ రూపొందించిన 224 వచ్చింది. అప్పట్లో మెమరీ బాగా ఖరీదు, ఉన్నదీ కొంచెమే. అందుకే శబ్దాన్ని కొద్దిపాటి ఆలస్యాలతోనే మళ్లీ మళ్లీ వినిపించి నాదం పుట్టించాలి. ఆ ఆలస్యాలు మారకుండా ఉంటే శబ్దం రేకు డబ్బాలో మోగినట్టు వస్తుంది. అందుకని ఆయన ఆ ఆలస్యాలను నిరంతరం కొద్దికొద్దిగా కదిలించాడు. నాదం నిలవదు, మెల్లగా ఊగుతూ కరిగిపోతుంది. పైగా ఆ యంత్రం హెచ్చు పౌనఃపున్యాలను దాటనివ్వదు. అందుకే గాయకుడి ‘స’ కారాలు రివర్బ్‌లో చెవిని కొయ్యవు, గొంతు ముందుంటుంది, విశాలత వెనక నిలుస్తుంది. యంత్రం పరిమితి నుంచి ఇంత అందం రాబట్టడం నాకు గొప్ప కళగా కనిపిస్తుంది.

ఇప్పుడు అన్నీ సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతున్నాయి కదా అంటారు కుర్రవాళ్లు. దొరుకుతున్నాయి, నేనూ రోజూ వాడతాను. కానీ యంత్రంలోకి ఒక చిటికె శబ్దం పంపి, తిరిగొచ్చిన నాదాన్ని నమూనాగా పట్టుకుంటే ఆ ఒక్క క్షణమే చేతికొస్తుంది. గ్రీసింగర్ పెట్టిన కదలిక అందులో ఉండదు. దాన్ని లెక్కలతో మళ్లీ కట్టిన ప్రోగ్రాములు మంచివే. అయితే అవి సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చుకోవాలంటే అసలు యంత్రం పనిచేస్తూ ఉండాలి.

స్టూడియో యజమానులకు నా మనవి. మీ గోడౌన్లో 224 గానీ, దాని తర్వాత వచ్చిన 480ఎల్ గానీ, ఇంగ్లండ్‌లో తయారైన ఏ.ఎం.ఎస్. ఆర్.ఎం.ఎక్స్.16 గానీ పడి ఉంటే కిలోల లెక్కన అమ్మేయకండి. ముందు పవర్ సప్లైలో ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించండి. మీకు అక్కర్లేకపోతే సౌండ్ ఇంజనీరింగ్ నేర్పే ఏదైనా కాలేజీకి ఇచ్చేయండి.