కోర్టు కాగితం మీ చేతికే వస్తే...

"ఆయన ఇంట్లో లేరండీ, సాయంత్రం రండి!" కోర్టు కాగితం తెచ్చిన మనిషికి చాలామంది ఇల్లాళ్లు చెప్పే జవాబిది. క్రిమినల్ కేసుల్లో మొన్నమొన్నటి దాకా చట్టమూ దీనికి తగ్గట్టే ఉండేది. సమన్లు అందుకోవాల్సిన వ్యక్తి దొరక్కపోతే, ఆ ఇంట్లో ఉండే మేజరైన 'మగవారికి' ఇవ్వాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ 'మగ' అన్న మాటను తీసేసింది. సివిల్ దావాల్లో ఈ మార్పు 1976 సవరణతోనే వచ్చింది.

సమానత్వం వచ్చింది, సంతోషమే. మరి బాధ్యతో? సంతకం పెట్టి మీరు పుచ్చుకుంటే మీవారికి అందినట్టే లెక్క. దేవుడి పటం వెనక పెట్టి మరిచిపోతే వాయిదా ఆగదు. తీసుకోనని తలుపేసుకున్నా అంటించి వెళ్తారు. ఎవరూ హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, ఆపైన జప్తు!

సివిల్ కోర్టు తీర్పుకు ముందే ఆస్తి జప్తు చేయాలంటే, ప్రతివాది దాన్ని అమ్మేసి డిక్రీని ఎగ్గొట్టాలని చూస్తున్నట్టు నమ్మకం కలగాలి. "హామీ ఇవ్వండి, లేదా ఎందుకు ఇవ్వనక్కర్లేదో చెప్పండి" అని అడగాలి. తాత్కాలిక జప్తు ఆ ఉత్తర్వుతోనే వేయొచ్చు గానీ, అసలు అడగకుండా చేస్తే అది చెల్లదు. ఈ అధికారాన్ని మామూలు వ్యవహారంగా వాడకూడదని 2007లో సుప్రీంకోర్టూ చెప్పింది.

నేరం సొమ్ముతో కొన్నారన్న ఆస్తి సంగతి వేరు. కొత్త సంహిత 107వ సెక్షన్ ప్రకారం 14 రోజుల గడువుతో నోటీసివ్వాలి. భర్త తరఫున ఆస్తి భార్య పేర ఉందని అందులో రాస్తే, ఆమెకూ కాపీ అందాలి. అయితే నోటీసిస్తే పని చెడుతుందనుకుంటే, కోర్టు ముందుగానే తాత్కాలికంగా జప్తు చేయొచ్చు. చిక్కంతా ఇక్కడే. రిజిస్ట్రేషన్ నాడు సంతకం పెట్టడం తప్ప స్థలం వివరాలే తెలియని ఆడవాళ్లు మనలో ఎంతమంది లేరు! అలాంటావిడ 14 రోజుల్లో ఏం సంజాయిషీ చెప్పగలదు? కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివించుకునేసరికే సగం రోజులు పోతాయి. నోటీసంటే చేతిలో పెట్టడం కాదు, అర్థమయ్యేలా చెప్పడం.

అందుకే కాగితం రాగానే అందిన తేదీ, వాయిదా తేదీ రాసుకోండి. మీ సొంత ఆస్తిని భర్త అప్పుకి జప్తు చేస్తే అదే కోర్టులో అభ్యంతరం చెప్పొచ్చు. డబ్బు డిక్రీ కింద వంటపాత్రలు, కట్టుబట్టలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు ముట్టుకోకూడదు. లాయరు ఫీజుకి వెనకాడొద్దు. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు న్యాయసహాయం ఉచితం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి... గడువు దాటకముందే!