రాత్రిపాళీవానికి దినచర్య యేది?

ప్రతి సంవత్సరము జూన్ 21వ తేదీ యుదయమున మన షోలాపూరు తూర్పుభాగపు పేటలలో ఏదో యొక పాఠశాల ఆవరణమున చాపలు పరచుదురు. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో నిర్ణయింపగా 2015 నుండి జరుగుచున్న యోగదినము అది. ఉపన్యాసకులు వత్తురు. బ్రాహ్మీముహూర్తమున లేవవలెననియు, నూనె యంటుకొని స్నానమాడవలెననియు, ప్రాణాయామము చేసి మితముగా భుజింపవలెననియు బోధింతురు. మన రోగములకు మన దురలవాట్లే మూలమని ముగింతురు. మనము చప్పట్లు కొట్టుదుము. అదే వేళకు ఆ గోడ కవతల, దేశమంతయు కప్పుకొను షోలాపూరు చద్దరును నేసిన మనవాడు, రాత్రిపాళీ దిగి, తలనిండ నూలుపీచుతో ఇంటికి నడచుచుండును. ఆ బోధ అతని చెవిని పడదు. పడినను అతనికి నవ్వు వచ్చును.

నేను ఆయుర్వేదమునకు విరోధిని గాను. శొంఠికషాయము కాగని వానకాలము మా యింట లేదు. నా తగవు శాస్త్రముతో గాదు, దానిని సగము చదివి మన కొప్పగించువారితో.

వాగ్భటుని అష్టాంగహృదయము తెరచి చూడుడు. బ్రాహ్మీముహూర్తమున లేవవలసినవాడు స్వస్థుడని, అనగా ఆరోగ్యవంతుడని, ఆయన మొదటనే చెప్పెను. వ్యాయామము బలవంతులును, నేయి మొదలగు స్నిగ్ధాహారము తినువారును, చలికాలమునందును వసంతమునందును, తమ శక్తిలో సగము మేరకే చేయవలెను. తక్కిన ఋతువులలో ఇంకను తగ్గింపవలెను. పండ్రెండు గంటలు మగ్గముల నడుమ నిలువుకాళ్లపై తిరిగి, జొన్నరొట్టెయు పల్లీకారమును తినువానికి, జూన్ నెలలో సూర్యనమస్కారములు విధించుట ఏ శాస్త్రము?

నిద్ర మాట వినుడు. రాత్రి మేలుకొన్నవాడు, మేలుకొన్న కాలములో సగము, మరునాటి యుదయమున ఏమియు తినకమునుపే నిద్రింపవలెనని ఆ గ్రంథముననే యున్నది. రాత్రిపాళీవానికి వేయేండ్లకు పూర్వమే వ్రాసిపెట్టిన విధి యిది! మన వేదికలపై ఈ యొక్క మాటను నేనింతవరకు వినలేదు. వినిపించుటలో చిక్కు గలదు గదా: అతడు పడుకొనవలసిన గది గోడ కానుకొనియే పగటిపాళీ మగ్గములు మ్రోగుచుండును.

ఇక మన ఆడువారు. ఆకలి, దప్పి, నిద్ర, మూత్రము మొదలైన 13 వేగములను బిగబట్టరాదని చరకుడు ఒక అధ్యాయమే వ్రాసెను. వేయిబీడీల లెక్క తీరవలెనని ఒడిలో చాట పెట్టుకొని వంగి కూర్చున్న ఇల్లాలు లేచినప్పుడెల్ల లెక్క తగ్గును. కావున ఆమె నీరే త్రాగదు. మా అమ్మ అట్లే చుట్టెను. నడుమునొప్పి వచ్చి వైద్యుని యొద్దకు పోగా, కూర్చుండు తీరు మార్చుకొమ్మని ఆయన సలహా చెప్పి రుసుము పుచ్చుకొనెను. ఆ కూర్చున్న తీరు మీదనే మా చదువులు సాగినవని ఆయన కెవరు చెప్పుదురు?

పత్తిదుమ్ము ఏండ్లతరబడి పీల్చినవారికి రొమ్ము బిగబట్టు వ్యాధిని పాశ్చాత్యవైద్యులు బిస్సినోసిస్ అందురు. సెలవు గడచి పనిలో దిగిన మొదటినాడు అది హెచ్చుట దాని గుర్తు. ఉదయము పావుగంట మంచిగాలి పీల్చి, తక్కిన పండ్రెండు గంటలు పీచు పీల్చువానిని ఆ పావుగంట ఎంత కాపాడును? హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు యోగసాధనకు ధర్మపాలనము, సుభిక్షము గలిగి ఉపద్రవములు లేని దేశమును ముందు కోరెను. పిదప గదిని వర్ణించెను. ఆసనములు అటుతరువాతనే వచ్చినవి. మనవారు ఆసనములతో మొదలిడి అక్కడనే నిలిచిరి.

చరకుడు ఇంకను కఠినుడు. గాలి, నీరు, దేశము, కాలము చెడినప్పుడు వేర్వేరు ప్రకృతులవారును ఒకే రోగముచే నశింతురని విమానస్థానమున చెప్పి, దానికి మూలము అధర్మమనెను. ఏలికలు ధర్మము తప్పగా, వారి నాశ్రయించినవారును, వ్యాపారముచే జీవించువారును దానిని పెంచుదురనెను. ఇది వ్రాయుటకు నాకు సంకోచముగానే యున్నది. కార్ఖానా యజమానులలో మనవారే పెక్కుమంది గలరు. ఇట్టి సంచికలకు ప్రకటన లిచ్చువారును వారే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు పెట్టెను. విద్యుత్తుతో నడచుచోట పదిమంది పనివారున్ననే అది ఫ్యాక్టరీ యనెను. ఒక షెడ్డు నడుమ గోడ లేపి రెండు పేర్లు పెట్టు విద్య మనకు తెలియనిది కాదు. చిరంజీవియైన మార్కండేయుని సంతతి మనమని శ్రావణపూర్ణిమనాడు రథము నూరేగింతుము. రథము లాగు చేతుల ఆయువు మాట మాత్రము తలపము.

వచ్చు జూన్ 21న ఉపన్యాసకుని పిలువక, ఆ వ్యయముతో ఒక షెడ్డుకు గాలిని వెలికి లాగు పంకాలు పెట్టింతము. కిటికీలు తెరపింపుమని యజమానుల నడుగుదము. అడుగుటకు మనకంటె దగ్గరివా రెవరు? మరియొక మాట. పెండ్లిండ్లు లేని దినములలో సంఘపు కల్యాణమండపము తాళమువేసి యుండును. మగ్గముల చప్పుడు అచ్చటికి అంతగా రాదు. ఉదయము ఏడు మొదలు మధ్యాహ్నము వరకు రాత్రిపాళీవా రచ్చట పడుకొనవచ్చును. చాపలు మనయొద్ద నున్నవి. తాళము తీయుటకు కార్యవర్గపు తీర్మానము చాలును.