గృహవిద్య: కథలో దొరకిన మాట



పిల్లలకు మాటలు రావను మాట ఈ దినములలో ప్రతి యింటను వినబడుచున్నది. ఆంగ్లమున చదువు పిల్లకు తెలుగు మాటలు రావు. తెలుగున చదువు పిల్లకు ఆంగ్లపు మాటలు రావు. కొందఱికి రెండును రావు. ఇందులకు మనము చేయు చికిత్స యేమి? దినమునకు పది మాటలు వ్రాయించి, వల్లె వేయించి, మఱునాడు ఒప్పగింపుమనుచున్నాము. నేనును అట్లే చేసితిని. చేసి, మా అమ్మాయి ప్రీతితో చదువుకొను పుస్తకమును నా చేతులార దూరము చేసితిని. ఆ తప్పును మీతో చెప్పుకొనుటకును, దానినుండి నేను నేర్చుకొన్నది మీతో పంచుకొనుటకును ఈ నెల ఈ పుటలను వినియోగించుచున్నాను.

మా అమ్మాయికి పదమూడవ యేడు. మావారు ఉపాధ్యాయులగుటచే ఇంటిలో పుస్తకములకు కొఱతలేదు. అయినను నిరుటి వేసవిలో అది స్నేహితురాలి యింటినుండి తెచ్చుకొన్న పుస్తకము మా అలమారులోని పుస్తకములవంటిది కాదు. ఇంగ్లండు దేశపు రచయిత్రి జె. కె. రౌలింగు వ్రాసిన హ్యారీ పాటర్ కథలలో అది మొదటిది. 1997లో వెలువడిన ఆ గ్రంథము మొదలుకొని 2007 వఱకు ఏడు సంపుటములుగా సాగిన యీ కథ, తల్లిదండ్రులను కోల్పోయిన యొక బాలుడు మంత్రవిద్య నేర్పు పాఠశాలలో చేరి పెద్దవాడగుటను వర్ణించును. అమ్మాయి అన్నమునకు పిలిచినను పలుకక చదువుచుండెడిది.

నేను మా నాన్నగారి యొద్ద అమరమును, భారతమును చదువుకొన్నదానను. మంత్రదండములు, ఉత్తరములు మోయు గుడ్లగూబలు, ఆకాశమున ఎగురు చీపురులు, ఇదియు నొక చదువేనా యని నాకు తోచెను. "చదివిన చదువుము. కాని తెలియని ప్రతి మాటకును నిఘంటువు చూచి అర్థము వ్రాసికొనవలెను. అది ముగియనిదే పుట త్రిప్పరాదు" అని శాసించితిని.

నాలుగు దినములు అట్లే చేసినది. నోటుపుస్తకమున నూటికి పైగా మాటలు చేరినవి. ఐదవ దినమున ఆ గ్రంథమును మూసి స్నేహితురాలికి ఇచ్చివేసినది. పిమ్మట మూడు నెలలు పాఠ్యపుస్తకము తప్ప మఱియొకటి ముట్టలేదు. తీఱిక దొరకిన సెల్‌ఫోను పట్టుకొని కూర్చుండెడిది. ఏమమ్మా యని యడుగగా, "అమ్మా, నీవు ప్రతిచోటను ఆపితివి. నేను మాటలు ఏఱుకొనునప్పటికి కథ పోయినది. ఇప్పుడు ఆ మాటలును జ్ఞాపకము లేవు" అన్నది. నోటుపుస్తకము తెఱచి పది మాటలు అడిగితిని. రెండింటికి మాత్రము అర్థము చెప్పగలిగినది. నాకు సిగ్గువేసినది.

సిగ్గుపడుటకు వేఱొక కారణమును కలదు. నేను ఏడేండ్ల ప్రాయమున అమరకోశము వల్లించితిని. అందు రాక్షసుల పేరుల వరుసలో 'పుణ్యజన' శబ్దము వచ్చును. పుణ్యజనులనగా పుణ్యము చేసిన పెద్దలని నేను చాలకాలము తలంచితిని. వరుస నోటికి వచ్చినది కాని అది రక్కసుల వరుసయని మనస్సునకు పట్టలేదు. ఒకనాటి సాయంకాలము నాన్నగారు పురాణకథ చెప్పుచు, పుణ్యజనులు రాత్రివేళ ఆశ్రమముపై పడిరనగా, నేను ఉలికిపడి "పుణ్యాత్ములు అట్లేల చేసిరి?" అని యడిగితిని. ఆయన నవ్విన నవ్వు నాకు నేటికిని జ్ఞాపకమున్నది. ఆ మాట అర్థమును అట్లే యున్నది. ఇంతటి అనుభవముండియు, నా బిడ్డ విషయమున దానిని మఱచితిని.

ఆశ్వయుజమాసమున ఒక రాత్రి పెద్దవాన కురిసి కరెంటు పోయినది. అమ్మాయి టార్చి వెలిగించుచు తనలో తాను "లూమోస్" అనుకొన్నది. కరెంటు వచ్చిన పిమ్మట టార్చి ఆర్పుచు "నాక్స్" అన్నది. ఇవి యేమి మాటలని యడిగితిని. హ్యారీ పాటర్ కథలో వెలుగు తెచ్చు మంత్రమొకటి, దాని నార్పు మంత్రమొకటియట. స్నేహితురాండ్రతో ఆటలలో పలుకుచుందురట. మావారు విని, లాటిను భాషలో 'లూమెన్' అనగా వెలుగనియు, 'నాక్స్' అనగా రాత్రియనియు చెప్పిరి. ఇల్యూమినేషన్ అను ఆంగ్లపదము ఆ మొదటి మాట సంతానమే. రెండవ మాట వినగానే నాకు సంస్కృతమునందలి 'నక్తమ్' జ్ఞప్తికి వచ్చెను. ఇవి రెండును, ఆంగ్లపు 'నైట్' అను మాటయు, ఒక్క ప్రాచీనభాషనుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. "నక్తంచరుడనగా రాత్రి తిరుగువాడు, రాక్షసునకు పేరు" అని అమ్మాయికి చెప్పితిని. అది కన్నులు విప్పార్చి, "ఆ పుస్తకములోని మాటకు నీ పుస్తకములో చుట్టమున్నదా అమ్మా!" అన్నది. ఆ రాత్రి చాలసేపు మాటలాడుకొంటిమి. మఱునాడు తానే పోయి ఆ గ్రంథమును మరల తెచ్చుకొన్నది. ఈ మాఱు నేను నిఘంటువును అలమారులోనే యుంచితిని.

అద్భుతకథలు మాటలు నేర్పుటలో ఇంత సమర్థములగుటకు కారణమేమని నేను ఆలోచించితిని. మన యింటివంటి యింటి కథలో రచయిత అన్నియు విప్పి చెప్పనక్కఱలేదు. మాయాలోకమును ఎవరును చూచియుండరు. కావున కోటగోడ, సొరంగము, మూలిక, విషము, ప్రతి వస్తువును పేరుపెట్టి చూపవలెను. చూపునపుడు మాటయు, దాని రూపమును కలసి వచ్చును. ఇది యొకటి. కథ పలుసంపుటములు సాగుటచే ఒక్క మాటయే పదిచోట్ల, పదివిధముల ఎదురగును. ఇది రెండు. తరువాత నేమగునో యను ఆత్రము కష్టమైన వాక్యమును సయితము దాటించును. ఇది మూడు.

ఇట్టి కథలు వ్రాసినవారిలో మాటలను ప్రాణముగా చూచుకొన్నవారు కలరు. 1937లో 'ది హాబిట్' అను అద్భుతకథ వెలువరించిన టోల్కీను, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడు; యౌవనమున ఆక్సుఫర్డు ఆంగ్లనిఘంటువు నిర్మాణమున పనిచేసినవాడు.

కథలేని అర్థము ఎంత దారి తప్పించునో ఒక ఉదాహరణము చెప్పెదను. హ్యారీ పాటర్ మొదటి సంపుటము పేరులో 'ఫిలాసఫర్స్ స్టోన్' అని యున్నది. అమ్మాయి మాటకు మాట అర్థము చూచి 'తత్త్వవేత్త యొక్క రాయి' అని నోటుపుస్తకమున వ్రాసికొన్నది. రెండవమాఱు చదువునపుడు, అది లోహమును బంగారముగా మార్చు రాయియని కథయే చెప్పినది. నేను కూరలు తఱుగుచు విని, "అది మన పరుసవేది కదా" అంటిని. స్పర్శ యనునదియే తెలుగున పరుసమైనది. తాకినంతనే ఇనుమును పసిడి చేయునది పరుసవేది. 1998లో అమెరికాలో ఈ గ్రంథమును అచ్చువేసినపుడు 'ఫిలాసఫర్' అను మాట తొలగించి, మాంత్రికుడను అర్థముగల మాటను పేరులో చేర్చిరి. ఆ పిల్లలకు ఒక పాతమాటను నేర్చుకొను అవకాశము పోయినదని మా అమ్మాయి విచారించినది!

అయితే ఆంగ్లపు కథలతో తృప్తిపడుట మనకు తగదు. తెలుగులో ఈ నిధికి లోటులేదు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీకథలు పండ్రెండు భాగములు. మణిసిద్ధుడను యతి వెంట కాశికి నడచు పసులకాపరి, త్రోవలో చూచిన వింతను గూర్చి ప్రతి మజిలీయందును అడుగును. యతి కథ చెప్పును. మొదట వింత, పిదప ప్రశ్న, ఆ పిదప కథ. పిల్లలకు మాట నేర్పు క్రమమును ఇదియే. ఆ 'మజిలీ' యును అరబ్బీ 'మంజిల్' నుండి నడచి వచ్చిన బాటసారియే.

1947 జూలైలో మద్రాసున పుట్టిన చందమామ ఇప్పుడు వెలువడుటలేదు గాని, పాతసంచికలను దాచియుంచిన యిండ్లు కలవు. అందు దాసరి సుబ్రహ్మణ్యంగారు వ్రాసిన ధారావాహికల పేరులే ఒక వ్యాకరణపాఠము. 'యక్షపర్వతం'లో రెండు మాటలును సంస్కృతమునుండి వచ్చిన తత్సమములు. 'రాకాసిలోయ'లో రాకాసి యనునది రాక్షసి శబ్దమునకు తద్భవము. లోయ అచ్చమైన తెలుగు. 'రాతిరథం'లో తెలుగు మాటయు సంస్కృతపు మాటయు జంటకట్టినవి. 'శిథిలాలయం'లో శిథిలము, ఆలయము అను రెండును సవర్ణదీర్ఘసంధితో కలసినవి. ఈ నాలుగు పేరులు చెప్పి విడదీయుమనగా మా అమ్మాయి పొడుపుకథలవలె విప్పినది. బడిలో సంధులన్న ముఖము చిట్లించు పిల్ల యిదియే.

ఇపుడు మా యింట అనుసరించుచున్న పద్ధతిని చెప్పెదను. ఇందు ఖర్చులేదు, పుస్తకములు బడి గ్రంథాలయమునుండియో, ఊరి గ్రంథాలయమునుండియో తెచ్చుకొనవచ్చును.

చదువునపుడు ఆపరాదు. తెలియని మాటను ముందువెనుకల వాక్యములనుబట్టి ఊహించి సాగిపోవలెను. ఒక మాట మూడవమాఱు ఎదురైనచో అది పట్టుకొనదగిన మాట. ప్రక్కన పెన్సిలుతో చిన్నచుక్క పెట్టినచో చాలును. అరువు పుస్తకమైనచో కాగితపుముక్కపై పుటసంఖ్య గుర్తించుకొనవలెను.

ప్రకరణము ముగిసిన పిదప, తల్లి వంటయింటిలో నుండగనే, పిల్ల కథను తెలుగున చెప్పవలెను. చెప్పునపుడు మాట దొరకక ఆగిన చోటనే తల్లి మాట అందింపవలెను. ఆకలివేళ పెట్టిన అన్నమువలె అది ఒంటబట్టును. ఆంగ్లము రాని తల్లియు ఈ పని నిశ్చింతగా చేయవచ్చును.

ఆ తరువాతనే నిఘంటువు. ఊహించిన అర్థము సరియైనదో కాదో చూచుటకు అది న్యాయాధిపతి. నిఘంటువును, వల్లించుటను నేను నిందించుటలేదు. చిన్ననాడు అమరము వల్లింపనిచో, ఆ రాత్రి 'నక్తమ్' నా నోటికి వచ్చియుండదు. మాటను ముందు కథలో కలిసికొని, పిదప కోశములో దాచుకొనుమనుటయే నా మనవి. నోటుపుస్తకమున అర్థముతోపాటు ఆ మాటను ఎవరు, ఎచట, ఏల పలికిరో వ్రాసికొన్నచో మఱపునకు రాదు.

ఒక జాగ్రత్త చెప్పవలెను. ఈ కథలలో రచయితలు పుట్టించిన మాటలును ఉండును. మా అమ్మాయి బడి వ్యాసమున 'మగుల్' అని వ్రాసి ఎఱ్ఱసిరా గీత తెచ్చుకొన్నది. మంత్రవిద్య లేనివానికి రౌలింగు పెట్టిన పేరది. అట్టి మాటలకు నోటుపుస్తకమున వేఱుపుట యుంచితిమి. ఆ మాటయే 2003లో ఆక్సుఫర్డు నిఘంటువునకు ఎక్కినదని తెలిసి, తనదే గెలుపని అమ్మాయి తండ్రితో వాదించినది! రెండవ జాగ్రత్త: ఆ కథ ముందునకు పోవుకొలది మరణము, క్రూరత్వము హెచ్చును. ఏ సంపుటము ఏ వయస్సున ఈయవలెనో తల్లి చూచి నిర్ణయింపవలెను. వీలైనచో తానును చదువవలెను. నేను ఇప్పుడు మూడవదానిలో నున్నాను.

ఇంతమాత్రమున మా పిల్ల పండితురాలైనదని చెప్పను. పరీక్షలో మార్కులు కొంచెమే పెరిగినవి. కాని ఈ సంక్రాంతికి మా పుట్టినింటికి పోయితిమి. ఆ యూరి చివర పూర్వము బాటసారులు దిగు సత్రమొకటి కప్పుకూలి యున్నది. మా తమ్ముని కుమారుడు, ఆఱేండ్లవాడు, దానిని చూపి "ఇదేమిటక్కా?" అని యడిగెను. "శిథిలమైన సత్రమురా. కాశికి పోవువారికి ఇదియొక మజిలీ" అన్నది మా అమ్మాయి. వానికి ఆ రెండు మాటలును తెలియలేదు. అది మెట్టుపై కూర్చుండి, వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "అనగనగా నొక యతి యుండెను" అని మొదలుపెట్టినది. నేను పిలువక, కొంత యెడముగా నిలిచి వింటిని.