చిప్పుకు జాతకం లేదు

ప్రాసెసర్ మూత మీది అంకెలూ అక్షరాలూ చూసి "ఇది మలేషియా సరుకు, ఫలానా వారంలోది, ఎంత తోస్తే అంత లాగుతుంది" అని తేల్చేసే అలవాటు, చిప్పును నిర్ణీత వేగం దాటించి నడిపే ఓవర్‌క్లాకర్లలో పాతికేళ్లుగా ఉంది. తిరుత్తణిలోనో తిరువళ్లూరులోనో లోకల్ ట్రైనెక్కి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ బేరమాడే కుర్రాడికి ఈ మాట తియ్యగానే వినిపిస్తుంది. కానీ పుట్టిన ఊరూ వారమూ చూసి ఆయుర్దాయం చెప్పే జాతకానికీ దీనికీ తేడా లేదు.

ఆ బ్యాచ్ కోడ్ చెప్పేదేమిటి? ఇంటెల్ చిప్పుల్లో మొదటి అక్షరం ప్యాకేజింగ్ జరిగిన చోటు: ఎల్ మలేషియా, ఎక్స్ వియత్నాం. తర్వాతి అంకె సంవత్సరంలో చివరిది, ఆపై రెండంకెలు వారం. సిలికాన్ పుట్టింది మాత్రం ఓరెగాన్, అరిజోనా, ఐర్లాండ్, ఇజ్రాయెల్ లాంటి చోట్ల ఉన్న ఫ్యాబ్‌లలో, అంటే చిప్పుల తయారీ కర్మాగారాల్లో. చిప్పు సత్తా ప్రధానంగా తేలేది అక్కడే. 300 మిల్లీమీటర్ల వేఫర్ (సిలికాన్ పళ్లెం) మీద వందల చిప్పులుంటాయి; నడుమ ఉన్నదీ అంచున ఉన్నదీ ఒకేలా నడవవు. వాటన్నిటికీ ఒకే కోడ్ పడినా ఆ తేడా చెరిగిపోదు.

"మరి సెలెరాన్ 300ఏ మాటేమిటి?" అంటారు. నిజమే. 1998లో వచ్చిన ఆ చిప్పుకు బస్సు వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే 300 కాస్తా 450 అయ్యేది. అయితే అది ఏదో ఒక వారం మహిమ కాదు. అంత వేగం తట్టుకోగల కోర్‌ను చవక రకం కింద తక్కువ వేగానికి కట్టేసి అమ్మడం దానికి కారణం. కోర్ ఐ7 920లో సీ0 కన్నా డీ0 మెరుగన్నదీ నిజమే. కానీ అది స్టెప్పింగ్, అంటే చిప్పులోనే చేసిన సవరణ. దాన్ని బ్యాచ్ ఖాతాలో రాసుకోవడం చెల్లదు.

ఇక సాక్ష్యాల సంగతి. ఐదు గిగాహెర్ట్జ్ అందుకున్నవాడు కోడ్‌తో సహా చాటుకుంటాడు. అదే బ్యాచ్ కొని చతికిలపడ్డవాడు నోరు మెదపడు. గెలిచినవాళ్లనే లెక్కపెడితే ఏ బ్యాచ్ అయినా బంగారమే. పైగా రికార్డులు చాలావరకు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో పుట్టినవి. కరెంటు లీకేజీ ఎక్కువున్న చిప్పు ఆ చలిలో చెలరేగవచ్చు. గాలి కూలర్ కింద, కత్తిరి ఎండల్లో, ఏసీ లేని తిరుత్తణి గదిలో అదే చిప్పు సెగకు తట్టుకోలేక తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ఇప్పుడైతే మిగులు సత్తాను కంపెనీలే ఏరుకుని విడిగా అమ్ముకుంటున్నాయి. 2019లో ఇంటెల్ అన్ని కోర్‌లూ 5 గిగాహెర్ట్జ్ అందుకునే 9900కేఎస్‌ను అలాగే దింపింది. ఏరడానికి మిగులు తగ్గిపోవడంతో, చిప్పులను పరీక్షించి గ్రేడ్ చేసి అమ్మే సిలికాన్ లాటరీ అనే సంస్థ 2021లో దుకాణం మూసేసింది.

బ్యాచ్ కోడ్ దండగని నేననను. తయారీలో లోపం బయటపడితే ఏ సరుకు ఎప్పటిదో పట్టుకోవడానికి, వారంటీకి అది కావాలి. దాని పని అంతవరకే. కోడ్ చూపించి వెయ్యి రూపాయలు ఎక్కువ అడిగితే, చిప్పును ఎదుటే బోర్డుకెక్కించి గంటసేపు పూర్తి లోడ్‌లో నడిపి చూపించమనండి. చూపించకపోతే ఆ వెయ్యీ మంచి కూలర్ మీద పెట్టండి. ఏ వారం చిప్పుకైనా పనికొస్తుంది.