రంగం చూడకుండానే గది ఖాళీ చేయమంటారా?

సంపాదకులకు,

బోనాలకు వచ్చేవాళ్లు గచ్చిబౌలిలో గది తీసుకుని, ఆదివారం కారులో అన్ని గుళ్లూ చుట్టి, సోమవారం పొద్దున్నే బయల్దేరవచ్చని గత సంచికలో రాశారు. ఈ సలహా పాటిస్తే అసలు పండుగే చేజారిపోతుంది.

బోనాలు ఊరంతా ఒకే రోజు జరగవు. ఆషాఢంలో గోల్కొండ జగదాంబిక గుడిలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి, ఆపైన లాల్ దర్వాజా సింహవాహినికి వస్తాయి. ఏ జాతర చూడాలో ముందు తేల్చుకుని, ఆ గుడికి నడిచి వెళ్లేంత దూరంలో గది చూసుకోవాలి. లష్కర్ జాతరకైతే, అంటే ఉజ్జయినీ మహంకాళి జాతరకైతే, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల బోలెడు లాడ్జీలున్నాయి. జాతర నాడు గుడి దారుల్లో బండ్లు ఆపేస్తారు, ఇక కారు ఎందుకు? గచ్చిబౌలి తప్పదనుకుంటే రాయదుర్గంలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగవచ్చు.

సోమవారం సంగతి ఇంకా ముఖ్యం. పసుపు పూసి వేపరెమ్మలు చుట్టిన కుండ, పైన దీపం, ముందు డప్పుల మోత, పోతరాజు చిందులు: ఇవన్నీ ఆదివారం చూస్తారు, నిజమే. మర్నాడు పొద్దున రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ అమ్మవారి మాటగా చెప్పే భవిష్యవాణిలో వానలెలా ఉంటాయో, రోగాలొస్తాయో లేదో వినడానికి జనం గుడి ముందు కిక్కిరిసిపోతారు. ఆ తర్వాత ఏనుగు అంబారీ మీద ఊరేగింపు. మా బస్తీ ఏడాదంతా ఎదురుచూసేది ఆ పూట కోసమే.

గది మంగళవారం దాకా తీసుకోమని వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక పాఠకురాలు, మోండా మార్కెట్, సికింద్రాబాద్