కొలువులో కీలుబొమ్మలు

కీలుబొమ్మ యను మాట మన భాషలో నిందగా మారినది. సొంత బుద్ధి లేక ఒకరి చెప్పుచేతలలో నుండువానిని కీలుబొమ్మ యందుము. ఈ నింద బొమ్మకు న్యాయము కాదు. కీలు లేని బొమ్మ యొక్క పనియే చేయగలదు. చెక్కినవాడు ఎట్లు నిలిపెనో నూరేండ్లును అట్లే నిలుచును. కీలున్న బొమ్మ కూర్చుండును, వంగును, మోపునెత్తును, బిడ్డను చంకకెత్తుకొనును. బొమ్మల కొలువులలోను, పాఠశాలల ప్రదర్శనములలోను మనుష్యుల బ్రతుకును చూపదలచినచో మనకు కావలసినవి జానెడు మించని కీలుబొమ్మలే యని నా అభిప్రాయము. అట్టివి అంగళ్ళలో దొరకుట లేదు. దొరకని వస్తువును చేసికొనుట తప్ప వేరు మార్గము లేదు.

కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, మరికొన్ని చోట్ల దసరాకును కొలువు తీర్చుట ఆచారము. మూడు, అయిదు, ఏడు, ఇట్లు బేసి సంఖ్యలో మెట్లు కట్టి, పై మెట్లపై దేవతామూర్తులను, క్రింది మెట్లపై మనుష్యులను, జంతువులను ఉంచుదురు. మా భీమ్‌గల్ ప్రాంతమున దసరా దినములు బతుకమ్మవి. కొలువు తీర్చు ఇండ్లు కొన్నియే. అయినను పల్లె బ్రతుకును అట్టలపై కట్టి చూపుట ఇప్పుడు పాఠశాలలలో నంతటను కలదు. బాలబాలికలు రంపపు పొట్టుకు పచ్చరంగు వేసి పొలము చేయుదురు. పుల్లలతో బండి కట్టుదురు. అగ్గిపెట్టెలతో ఇండ్లు నిలుపుదురు. ఇంతవరకు చూడముచ్చటగా నుండును. మనిషి వద్దకు వచ్చుసరికి చిక్కు వచ్చును. అంగడిలో దొరకు చిన్న మనిషి ప్లాస్టిక్ సిపాయి. కావున నాగలి పట్టవలసినవాడు తుపాకి గురిపెట్టి నిలుచుండును. వాని ప్రక్కను నారు నాటవలసిన యువతి పసుపుపచ్చని జుట్టుతో, ఎత్తు మడమల చెప్పులతో బురదలో దిగబడియుండును. చూచినవారు నవ్వుదురు. ఆ నవ్వు పిల్లల శ్రమకు తగిన బహుమానము కాదు.

మాకు ఉత్తరమున గోదావరి దాటినచో నిర్మలు పట్టణము. అచటి బొమ్మలు తేలికయైన పొణికి కొయ్యతో చేసినవి. 1955లో అచటి పనివారు సహకార సంఘముగా నేర్పడిరి. వారు చేయు పండ్లను, పక్షులను చూచినచో చేతితో తాకి చూడవలెనని తోచును. విజయవాడ దగ్గరి కొండపల్లి వారిదియు పొణికియే. వారు చేతులను, కాళ్ళను వేరుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో మొండెమునకు అతుకుదురు. తాటిచెట్టునెక్కు గీతకాని బొమ్మ వారి పనితనమునకు మంచి గుర్తు. కాని మక్కు ఆరిన పిమ్మట ఆ చేయి మరి కదలదు. ఎక్కువాడు ఎక్కుచునేయుండును, కల్లు ముంతతో దిగివచ్చు ఘడియ వానికి లేదు.

సిద్ధిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ పనివారు మందహెచ్చులవారికి బొమ్మలు చేసియిచ్చుదురు. వారు గొల్లల కథలు చెప్పునపుడు ఆ బొమ్మలను ముందుంచుకొని కథ నడుపుదురు. ఆ బొమ్మలకును కీళ్ళు లేవు. కీళ్ళ పనిని కథకుని నోరు చేయును. కొలువు దగ్గర అట్టి కథకుడు లేడు. అచట బొమ్మయే తన కథను చెప్పుకొనవలెను.

కీలు మనకు కొత్త కాదు. మొహెంజోదారో త్రవ్వకములలో తల ఊపు మట్టి ఎద్దు దొరకినది. తోలుబొమ్మలాటవారు భుజము, మోచేయి, మోకాలు మొదలగు చోట్ల వేరువేరు తోలు ముక్కలను దారముతో ముడివేసి, రాముని చేత విల్లెత్తింతురు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది ఈ విద్యకే. ఆ బొమ్మలు పెద్దవి, పలుచనివి, తెర వెనుక నిలుచునవి. వానిలోని కీలును మాత్రము మనము తీసికొని జానెడు బొమ్మలో పెట్టవలెను.

డెన్మార్కు దేశమునందలి లెగో సంస్థ 1978లో చేతులు, కాళ్ళు కదలు చిన్న మనిషిబొమ్మను చేసినది. దాని ఎత్తు నాలుగు సెంటీమీటర్లు. ప్రపంచమంతటను పిల్లలు దానితో ఆడుకొనుచున్నారు. అది బండిలో కూర్చుండగలదు, నిలువగలదు. మోకాళ్ళు లేనందున గొంతుకూర్చుండలేదు. సక్లముక్లము వేసికొనుట దానికి చేతకాదు. మన పని సగము నేలమీద జరుగును. రొట్టె చేయుట, కుండ చేయుట, బుట్ట అల్లుట, కూరగాయలమ్ముట, అన్నియు కూర్చుండి చేయు పనులే. మోకాలు లేని బొమ్మ మన ఊరిలో బ్రతుకలేదు.

నిజామాబాదు జిల్లాలో వేలకొలది స్త్రీలు బీడీలు చుట్టి సంసారములు నెట్టుకొని వచ్చిరి. అట్టి స్త్రీని బొమ్మగా చేయవలెననుకొనుడు. చేయుటకు ముందు చూడవలెను. ఆమె ఒడిలో చాట. చాటలో తడిపిన తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. ఆకును కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, వ్రేళ్ళతో చుట్టి, దారము కట్టి, కొనను మడుచును. ఈ పనియంతయు ముంజేతులతోను వ్రేళ్ళతోను జరుగుచున్నట్లు మొదట తోచును. తీగతో ఆమె రూపమును వంచి చూచినపుడు తెలియును: కదలనిదే కష్టపడుచున్నది. మెడ గంటలకొలది వంగియే యుండును. వీపు విల్లువలె నుండును. ఒక కాలు మడిచి యొక కాలు చాచుకొనుట సుఖమునకు కాదు, తిమ్మిరి తీరుటకు. తీగను నిటారుగా నుంచినచో ఆమె బీడీలు చేయు స్త్రీ కాదు, చాట పట్టుకొని ఫోటోకు కూర్చున్న స్త్రీ. ఏ పాఠమును చెప్పలేని విషయమును ఆ తీగ వంపు ఒక్క నిమిషములో చెప్పును. ఇంట తల్లి అదే పనిలో నున్న పిల్లవాడు ఆ వంపును సరిగా పట్టుకొనును; ఆ దినమున తరగతిలో వానికే ఎక్కువ తెలియును.

బోధను చెరకు సంగతియు నిట్టిదే. అచటి నిజాం చక్కెర కర్మాగారము 1930లలో ఆరంభమై, 2015లో మూతపడినది. ఎడ్లబండ్లపై చెరకు మోపులు కర్మాగారమునకు సాగిన కాలమును కన్నులార చూచినవారు నేడు వృద్ధులు. చెరకు నరుకువాడు నడుమును ఎంత వంచును? మొదటికంట నరుకుటకై కత్తిని నేలకెంత దగ్గరగా తెచ్చును? నరికిన గడను ఎడమచేత నెట్లు త్రిప్పి ఆకు దూయును? ఫోటోలలో ఇది సగము కనబడును. ఆ వృద్ధుని ముందు తీగబొమ్మను పెట్టి "తాతా, ఇట్లేనా?" యని అడిగినచో అతడు తానే దానిని వంచి చూపును. మాటలలో చెప్పలేనిది అతని చేతులు చెప్పును.

ఈజిప్టులో మెకెత్రె యను అధికారి సమాధియందు 1920లో త్రవ్వకము జరిపినవారికి కొయ్యబొమ్మల దృశ్యములు దొరకినవి. అవి సుమారు 4000 ఏండ్ల నాటివి. రొట్టెలు కాల్చువారు, నేయువారు, వడ్రంగులు, పడవ నడుపువారు, పశువులను లెక్కించువారు ఆ చిన్న గదులలో తమ పనులలో నున్నారు. ఆ దేశపు సామాన్యుడు ఎట్లు పిండి పిసికెనో, ఎట్లు మగ్గముపై వంగెనో రాజుల శాసనములలో కానరాదు. ఈ బొమ్మలలో కనబడును. మన బండ్లవారిని, బీడీల స్త్రీలను, పసుపు ఉడికించువారిని ఇట్లు నిలుపుటకు ఏ సమాధియు నక్కరలేదు. అట్టపెట్టె చాలును.

చేయుట కష్టము కాదు. మా వైపు బోరుబావి మోటార్లు కాలుట నిత్యకృత్యము. వైండింగు చేయు అంగళ్ళలో పాత రాగి తీగ తూకమునకు దొరకును. అడుగుకు అంగుళము చొప్పున కొలత పెట్టుకొన్నచో అయిదున్నర అడుగుల మనిషి అయిదున్నర అంగుళములగును. రెండు తీగలను పెనవేసి మెడ, వెన్ను, కాళ్ళు చేసి, భుజముల వద్ద చేతుల తీగను అడ్డముగా చుట్టవలెను. పాదముల క్రింద అర అంగుళము తీగను మిగిల్చినచో దానిని అట్టలో గ్రుచ్చవచ్చును. వంగిన బొమ్మ పడిపోకుండుటకు ఇదియే ఉపాయము. పాత నూలుగుడ్డ పేలికలు చుట్టి కండ తెప్పించి, పైని బట్ట కట్టవలెను. రాగి తీగను ఒకే చోట పదేపదే వంచినచో అది గట్టిపడి విరుగును. ఎఱ్ఱగా కాల్చి చల్లార్చినచో మరల మెత్తనగును. పై పూతను గీకివేసి, పెద్దలు దగ్గరనుండి ఈ పని చేయించవలెను. చేతికి అయిదు వ్రేళ్ళు పెట్టుటకు ప్రయత్నింపకుడు. ఆ కొలతలో అవి సాలెపురుగు కాళ్ళవలె నగును. బొటనవ్రేలు వేరుగా, తక్కినవి కలిపియుంచిన చేయి ఏ పనిముట్టునైనను పట్టును.

మిగిలినది తల. తీగతో, గుడ్డతో ముఖము రాదు. మట్టితో చేసినది ఎండి పగులును. ఇచటనే నిర్మలు పనివారి అవసరము కలదు. పొణికి చెట్లు అడవిలో అరుదగుచున్నవి. కొయ్య దొరకుట వారికి పెద్ద చింత. పెద్ద బొమ్మను చెక్కగా మిగులు ముక్కలు చిన్న తలలకు చాలును. తలలను వారు చెక్కి రంగు వేసి యిచ్చినచో, శరీరములను పిల్లలు చేసికొందురు. పూర్తి కీలుబొమ్మను చెక్కుమనినచో పని పెరిగి వెల పెరుగును, కొనువారు తగ్గుదురు. తలలు మాత్రమే యైనచో ఒక పాఠశాల ఇరువది కొనగలదు. వృద్ధుడు, బాలిక, తలపాగా చుట్టినవాడు, కొప్పు వేసినది, ఇట్టి ముఖములు వారి చేతికి క్రొత్తవి కావు.

సంప్రదాయమును చెఱచుచున్నావని పెద్దలు కొందరందురు. కొలువు దేవతలదనియు, బీడీల చాటకు అచట చోటు లేదనియు వారి వాదము. పై మెట్లు దేవతలవే. క్రింది మెట్టున పప్పు బియ్యము ముందుంచుకొని శెట్టి దంపతులు కూర్చుండుట కొలువులలో నున్నదే, గీతకాడును ఉన్నవాడే. తూకము వేయువానికి దొరకిన చోటు చెరకు నరుకువానికేల దొరకరాదు?

కార్తీకమున మా లింబాద్రి గుట్ట జాతరకు బొమ్మల అంగళ్ళు వచ్చును. అచట తలల పొట్లములు అమ్మవచ్చును. కొలత మాత్రము ముందుగా అందరికి నొకటి కావలెను. మన శిల్పశాస్త్రము మానవునకు అష్టతాలము చెప్పినది, అనగా ముఖమునకు ఎనిమిది రెట్లు ఎత్తు. ఆ లెక్కను అయిదున్నర అంగుళముల మనిషికి తల ముప్పాతిక అంగుళమునకు కొంచెము తక్కువ. పిల్లల బొమ్మకు శరీరమును బట్టి చూడగా తల పెద్దది కావలెను. మెడ క్రింద తీగ దూరునంత రంధ్రము ముందే తొలచి పంపవలెను. పొణికి మెత్తనిది, ఇంటివద్ద తొలచినచో పగులును.