చేతికి రాని సిక్కా

మా పటాన్‌చెరు వైపు కబ్జా అంటే అందరికీ ఒకటే గుర్తుకొస్తుంది. చెరువు శిఖంలో ఎవడో రాత్రికి రాత్రి గోడ కట్టాడని. ఉర్దూ మీడియం బడిలో దీనియాత్ చెప్పిన ఉస్తాద్ దగ్గర నేను నేర్చుకున్న కబ్జా వేరు. కొన్న సరుకు కొన్నవాడి చేతికి రావడం, అక్కణ్ణుంచి దాని నఫా నుక్సాన్ రెండూ వాడి జిమ్మా కావడం కబ్జా. అది జరగక ముందే సరుకును ఇంకొకరికి అమ్మకూడదని ఉస్తాద్ చెప్పేవారు. మేం ఇమ్తెహాన్ కోసం బట్టీ పట్టి మర్చిపోయాం. ముప్పై ఏళ్ల తర్వాత ఆ సబఖ్‌ను మా భాంజా మళ్లీ నా ముందుకు తెచ్చాడు.

వాడు ఇస్నాపూర్‌లో గది తీసుకుని పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. పన్నెండు గంటల షిఫ్టు. మిగిలిన టైములో ఫోన్లో పాత నోట్లు, సిక్కాల కారోబార్. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణేన్ని విడుదల చేశారు కదా, అది వాడి కంట్లో పడింది. హైదరాబాద్ మింట్‌లో తయారైన సిక్కా. 44 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో సగం వెండి. చలామణీకి కాదు, దాచుకోవడానికి. మింట్‌లోనే నాలుగు వేల పైమాట. అయినా జనం లైను కట్టారు.

వీడు లైన్లో నిలబడలేదు, షిఫ్టు ఉంది. ఎవరో వ్యాపారి ఇరవై నాణేలు వస్తున్నాయని వీడి దోస్తుకు చెప్పాడు. ఆరు నీకిస్తానని దోస్తు వీడికి చెప్పాడు. వీడు ఆ రాత్రే ఎక్కడిదో ఒక ఫోటో పెట్టి, కింద ‘స్టాకుంది’ అని రాసి ఆరూ అమ్మేశాడు. ఒక్కోటి ఐదున్నర వేలకు. ఆరుగురూ ముందే డబ్బు పంపారు, వీడు దోస్తుకు పంపాడు, దోస్తు వ్యాపారికి పంపాడు. వచ్చినవి రెండు. బజార్లో ధర పెరిగేసరికి మిగతావి ఎక్కువ ఇచ్చినవాళ్లకు పోయాయట. డబ్బు మాత్రం ‘వచ్చే వారం’ దగ్గరే ఆగిపోయింది.

మిగిలిన నలుగురిలో ఒకాయన సదాశివపేటలో రిటైరైన టీచరు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ‘బాబూ, వచ్చిందా?’ అని అడిగేవాడట. ఒక్క రోజూ తిట్టలేదు. తిడితే బాగుండు మామూ అన్నాడు భాంజా, కర్జా కోసం మా ఇంటికొచ్చి.

‘నేను ధోకా చెయ్యలె. వస్తయనే అమ్మిన. నా నీయత్ సాఫ్. ఆన్‌లైన్ల అందరు గిట్లనే అమ్ముతున్నరు.’

నీయత్ సంగతి అల్లాకు తెలుసు. కానూన్ సంగతి నేను చూశాను. 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ఇంకా సంపాదించని సరుకు మీద కూడా ఒప్పందం చేసుకోవచ్చు. కానీ చట్టం దాన్ని అమ్మకం అనదు, అమ్ముతాననే ఒప్పందం అంటుంది. ‘స్టాకుంది’ అన్న ఒక్క మాటతో వీడు ఆ తేడాను మింగేశాడు.

బీబీ ఖదీజా భతీజా హకీమ్ ఇబ్న్ హిజామ్ వ్యాపారి. నా దగ్గర లేని సరుకు ఎవరైనా అడిగితే ముందు అమ్మేసి, తర్వాత బజార్లో కొని ఇవ్వొచ్చా అని ఆయన రసూలుల్లాహ్‌ని అడిగారు. దగ్గర లేనిది అమ్మొద్దని జవాబు వచ్చింది. మా భాంజా అడిగిందీ అదే, కాకపోతే అమ్మేశాక అడిగాడు.

సలమ్ ఉంది కదా అని కొందరు అంటారు. ఉంది. పూర్తి డబ్బు ముందే ఇచ్చి, రకం, తూకం, గడువు తేల్చుకుని, పంట తర్వాత తీసుకోవడం. జొన్నలు ఒక పొలంలో పండకపోతే ఇంకో పొలంలో కొని ఇవ్వొచ్చు. లెక్కపెట్టి వదిలిన సిక్కా అట్లా దొరకదు. అది దొరకదు కాబట్టే ఎక్కువ ధర అడుగుతున్నావు. దొరకదని ధర పెంచిన నోటితోనే తప్పకుండా దొరుకుతుందని భరోసా ఎట్లా ఇస్తావు?

ఆరు సిక్కాల పంచాయితీకి ఇంత బహస్ దేనికని అనిపించవచ్చు. మా జిల్లాలోనే అమీన్‌పూర్‌లో ఇదే రోగం పెద్ద సైజులో కనిపిస్తుంది. లేని ఫ్లాట్లకు ప్రీలాంచ్ పేరుతో డబ్బు వసూలు చేసిన కేసులో సాహితీ సంస్థ ఎండీని 2022 డిసెంబరులో పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడమూ తప్పని 2016 రెరా చట్టం చెబుతూనే ఉంది. అక్కడా కాగితం మీద బొమ్మ, ముందు డబ్బు. (786 నంబరు నోటు ఫోటో చూసి పైసలు పంపే మనవాళ్లను కూడా ఇక్కడే ఒక మాట అనాలి. బరకత్ నంబర్లో లేదు భాయ్. పాత నోట్లు, నాణేల పేరుతో మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.)

భాంజా అన్న ఒక మాటకు మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ‘పైసలున్నోడు ఇరవై కొని ఇంట్ల పెట్టుకుంటడు. చేతికొచ్చినంకనే అమ్మాలంటే నాలాంటోడు ఎట్ల చెయ్యాలె?’ నిజమే. కబ్జా షరతు పెట్టుబడి ఉన్నవాడికి బరువు కాదు, కాంట్రాక్టు కూలీకి బరువే. రాత్రంతా ఆలోచించాను. వాడికి పెట్టుబడి లేదన్నది సగం నిజం. ఆ టీచరు పెన్షనే వాడి పెట్టుబడి అయింది, ఆయనకు చెప్పకుండా. సిక్కా వస్తే నఫా వీడిది, రాకపోతే నుక్సాన్ ఆయనది.

పొద్దున వాడికి చెప్పాను. ‘నా దగ్గర లేదు, వెతికి తెస్తాను, దొరికితే నా మెహన్‌తానా మూడొందలు’ అని రాయి. దలాలీ ఐబు కాదు, హలాల్ పని.

‘అట్ల రాస్తె ఎవ్వరు ముందు పైసలు పంపరు మామూ.’

‘పంపరు. అందుకే స్టాకుంది అని రాసినవ్.’

మాట్లాడలేదు. ఇరవై రెండు వేలు ఇచ్చాను. నలుగురికీ నా ముందే తిరిగి పంపాడు. సదాశివపేట టీచరు ఆ రోజు కూడా తిట్టలేదు. నాణెం దొరికితే చెప్పు బాబూ, చేతిలో పెట్టాక డబ్బిస్తాను అన్నాడట. నా కర్జా నెలకు వెయ్యి చొప్పున తీరుస్తానన్నాడు భాంజా. ఇప్పటికి రెండు నెలలు ఇచ్చాడు.